సాఫ్ట్‌నర్ ఏ బట్టలకు వేయాలి, వేటికి వద్దు

ఉతకడం అయిపోయాక చివరి నీళ్లలో ఒక మూత కంఫర్ట్ కలపడం చాలా ఇళ్లలో అలవాటైపోయింది. బట్టను మెత్తబరిచే ఈ సాఫ్ట్‌నర్‌ని, కంపెనీ ఏదైనా, మనం పిలిచేది కంఫర్ట్ అనే. టవళ్లు, బనియన్లు, చీరలు, పసిపిల్లల బట్టలు, జిమ్ టీషర్టులు, అన్నిటికీ అదే మూత. వాసన బాగుంటుంది కాబట్టి ఎవరూ ఆగి ఆలోచించరు. నిజానికి ఆ మూత కొన్ని బట్టలకు ఎంతో మేలు చేస్తుంది, కొన్నిటిని మాత్రం అవి చేయాల్సిన పనికే పనికిరాకుండా చేస్తుంది. ఏది ఎందులోకి వస్తుందో తెలుసుకోవడం కష్టమేం కాదు. ఒక్కసారి కుదురుగా చూసుకుంటే మళ్లీ ఆలోచించాల్సిన పని ఉండదు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో తెలియాలి, తర్వాత చెప్పేవన్నీ దాని మీదే ఆధారపడతాయి. నీళ్లలో తడిసిన నూలు పోగుకి కొద్దిపాటి రుణావేశం (నెగటివ్ ఛార్జ్) ఉంటుంది. సాఫ్ట్‌నర్‌లో ఉండే పదార్థానికి ధనావేశం (పాజిటివ్ ఛార్జ్). అందుకే అది వెళ్లి పోగును పట్టుకుని ఉండిపోతుంది. దానికి కొవ్వులాంటి పొడవాటి తోక ఒకటి ఉంటుంది, అది బయటికి తిరిగి నిలుస్తుంది. అలా ప్రతి పోగు మీదా పల్చటి జిడ్డు పొర ఏర్పడుతుంది. పోగులు ఒకదానితో ఒకటి రాసుకోకుండా జారతాయి, మన చేతికి మెత్తగా తగులుతాయి. అంటే సాఫ్ట్‌నర్ బట్టను శుభ్రం చేయదు, దాని మీద ఒక పూత వేస్తుంది. ఆ పూత ఈ బట్టకు అవసరమా, కాదా? ప్రతిసారీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే.

మొదట: బట్ట ఎందుకు గట్టిపడుతోందో కనుక్కోండి

టవల్ అట్టలా బిగుసుకుపోతోందని సాఫ్ట్‌నర్ కొనేవాళ్లే ఎక్కువ. కొనే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఉతికి ఆరిన టవల్ ఒకటి తీసుకుని, సగం బకెట్ మంచినీళ్లలో ముంచి, చేత్తో రెండు నిమిషాలు బాగా జాడించండి. సబ్బు, పౌడరు ఏమీ వేయొద్దు. నీళ్ల మీద నురగ తేలినా, నీళ్లు తెల్లగా మారినా మీ సమస్య అర్థమైనట్టే: పౌడరు బట్టలోనే మిగిలిపోతోంది. ఆరాక గరుగ్గా తగిలేది అదే. దాని మీద సాఫ్ట్‌నర్ పోస్తే మురికి మీద పూత వేసినట్టవుతుంది తప్ప టవల్ బాగుపడదు.

దీనికి మందు సులువే. పౌడరు తగ్గించండి. చాలామంది ప్యాకెట్ మీద రాసిన కొలత చూడరు, చేతికి వచ్చినంత వేస్తారు. ఫ్రంట్ లోడ్ మెషిన్ నీళ్లు తక్కువ వాడుతుంది కాబట్టి అందులో ఎక్కువైన పౌడరు అసలు వదలదు. దానికి మెషిన్ కోసమే చేసిన, నురగ తక్కువ వచ్చే రకమే వాడాలి. బకెట్‌లో ఉతకడానికి వాడే పౌడరు వేయకూడదు. డ్రమ్ము కిక్కిరిసేలా బట్టలు కుక్కొద్దు, పైన ఒక జానెడు ఖాళీ ఉండాలి. మెషిన్‌లో ఎక్స్‌ట్రా రిన్స్ బటన్ ఉంటే టవళ్లకు అది నొక్కండి. చేత్తో ఉతికేవాళ్లు, పనమ్మాయి చేత ఉతికించేవాళ్లు ఇంకో బకెట్ నీళ్లు పోసి మరోసారి జాడించమనండి.

నురగ ఏమీ రాలేదనుకోండి. అప్పుడు నీళ్లను అనుమానించాలి. మీ బోరు నీళ్లతో కుక్కర్‌లో పప్పు సరిగా ఉడకదా? గీజర్ రాడ్‌కి తెల్లటి పెచ్చు కడుతోందా? స్టీలు బకెట్ ఆరాక చారలు పడుతున్నాయా? తలంటుకుంటే జుట్టు పీచులా అవుతోందా? అయితే అవి కఠిన జలాలు, మన భాషలో ఉప్పు నీళ్లు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. తాగే నీళ్లలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 వరకూ సరిపెట్టుకోవచ్చని మన భారతీయ ప్రమాణాలు చెబుతాయి. హైదరాబాద్ కాలనీల్లో బోరు నీళ్లు ఆ మొదటి గీత దాటడం మామూలే. ఆ ఖనిజాలు నూలులో పేరుకుని టవల్‌ని గరుకు చేస్తాయి.

సాఫ్ట్‌నర్ ఈ నీళ్లను మార్చదు. కాల్షియం నీళ్లలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, బట్ట మీద మాత్రం పూత పడుతుంది. మరి ఏం చేయాలి? మీ ఇంటికి బోరుతో పాటు మంజీరా నీళ్లో, కృష్ణా నీళ్లో, మున్సిపల్ నల్లా నీళ్లో వస్తుంటే ఉతకడం బోరు నీళ్లతో కానిచ్చి, చివరిసారి జాడించడం మాత్రం ఆ మంచినీళ్లతో చేయండి. అంతకు మించిన ఉపాయం నాకు కనబడలేదు. వర్షాకాలంలో వాన నీళ్లు పట్టగలిగితే ఇంకా మంచిది. అది కుదరకపోతే పౌడరు మానేసి లిక్విడ్‌కి మారండి. పౌడర్లలో సాధారణంగా చాకలి సోడా ఉంటుంది, అది ఉప్పు నీళ్లలోని కాల్షియంతో కలిసి సున్నంలా బట్టకు పట్టేస్తుంది. లిక్విడ్‌తో ఆ బాధ తక్కువ.

ఇక మూడో కారణం ఆరేసే తీరు. నూలు బట్ట గాలి కదలని చోట అలాగే వేలాడుతూ ఆరితే, చివరికి మిగిలిన కాస్త తేమ పోగుల మధ్య జిగురులా నిలిచి వాటిని ఒకదానికొకటి అతికిస్తుంది. కదిపితే ఆ అతుకు విడిపోతుంది. అందుకే దండెం మీద వేసేముందు టవల్‌ని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా, టప్పున శబ్దం వచ్చేలా విదిలించండి. ఆరాక తీసేటప్పుడు మరోసారి దులిపి, రెండు చేతుల మధ్య నలపండి. బిగుసుకున్న టవల్ అక్కడికక్కడే సగం మెత్తబడుతుంది. మే నెల ఎండలో మధ్యాహ్నం దాకా వదిలేయకుండా, ఆరిన వెంటనే తీసేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఈ మూడూ సరిచేశాక కూడా ఇంకా మెత్తదనం కావాలనిపిస్తే అప్పుడు సాఫ్ట్‌నర్ సంగతి చూద్దాం.

తర్వాత: బట్ట పనేమిటో చూసి వేరు చేయండి

బట్టలను రంగుల్ని బట్టి వేరు చేసే అలవాటు మనకుంది. దానికి ఇంకొకటి జోడించండి: ఈ బట్ట ఏ పని చేయాలి?

నీళ్లు పీల్చాల్సిన దేనికీ సాఫ్ట్‌నర్ వద్దు. టవళ్లు, తుండుగుడ్డలు, చేతిరుమాళ్లు, వంటింట్లో మసిగుడ్డలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, ఇల్లు తుడిచే మాప్ గుడ్డ, పసిపిల్లల లంగోటీలు, నెలసరికి వాడే గుడ్డ ప్యాడ్లు ఇవన్నీ ఈ జట్టులోనివే. జిడ్డు పొర ఉన్న పోగు నీటిని వెంటనే లోపలికి రానివ్వదు. ఒకసారి వేస్తే తేడా తెలియకపోవచ్చు. ప్రతి ఉతుకులో వేస్తూ పోతే టవల్ చేతికి పట్టులా మెత్తగా ఉంటుంది, ఒంటి మీద నీళ్లు మాత్రం అటూ ఇటూ నెడుతుందే గాని పీల్చదు. ఖరీదైన టవళ్లు కొని ‘ఇవి తుడవట్లేదు’ అని చిరాకుపడే ఇళ్లలో తప్పు చాలాసార్లు టవల్‌ది కాదు. లంగోటీలు, ప్యాడ్లు అయితే కారిపోయే ఇబ్బంది కూడా ఉంటుంది, అక్కడ అసలు రాజీ పడొద్దు.

బనియన్లు, కాటన్ నైటీలు, నూలు లోదుస్తులు కూడా నేను ఇందులోనే వేస్తాను. సీసా మీద వీటికి వద్దని ఎక్కడా రాసి ఉండదు. కానీ విజయవాడలో, రామగుండంలో వేసవి ఎలా ఉంటుందో మనకు తెలుసు. చెమట పీల్చడానికే కదా ఆ బట్టలు వేసుకునేది! ఉక్కపోతలో ఒంటికి అంటుకుపోయే బనియన్ ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఏం లాభం?

మైక్రోఫైబర్ గుడ్డల సంగతి ఇంకా కచ్చితం. కళ్లద్దాలు తుడిచేవి, కారు తుడిచేవి, టీవీ తుడిచేవి. వాటి పోగులు వెంట్రుక కన్నా సన్నం, ఆ సందుల్లోకే దుమ్ము చేరుతుంది. పూత పడితే సందులు మూసుకుపోయి అద్దం మీద మరకలు మిగులుతాయి. జిమ్‌కి, క్రికెట్‌కి వేసుకునే టీషర్టులు కూడా అంతే. చెమటను బయటికి లాగి ఆరేలా నేసిన బట్ట అది. పూత పడితే ఆ పని మందగిస్తుంది, దాని కింద చెమట వాసన కూడా చిక్కుకుపోతుంది. వాసన వస్తోందని ఇంకో మూత వేస్తారు, అది ఇంకా పట్టేస్తుంది. లెగ్గింగులు, ఈత దుస్తుల్లాంటి సాగే బట్టలకు చాలాసార్లు లోపలి లేబుల్ మీదే వద్దని ఉంటుంది. సాఫ్ట్‌నర్ వాటిలో ఉండే సాగే పోగు, అంటే లైక్రా, సాగుడును దెబ్బతీస్తుంది.

రెయిన్‌కోటు, విండ్‌చీటర్ మీద నీళ్లు జారిపోవడానికి కంపెనీ వాళ్లే ఒక పూత వేసి ఇస్తారు. సాఫ్ట్‌నర్ దాన్ని చెడగొడుతుంది. వాటికీ వద్దు.

ఇక గంజి చీరలు. మంగళగిరి, వెంకటగిరి, ఉప్పాడ నూలు చీరలు, పొందూరు ఖద్దరు పంచెలు గంజితోనే నిలబడతాయి. కుచ్చెళ్లు కత్తిరించినట్టు నిలవాలంటే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. సాఫ్ట్‌నర్ చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం, పోగుల్ని జారేలా చేస్తుంది. ఈ రెండూ ఒకే చీరకు పెడితే గంజి సరిగా పట్టదు, చీర మెత్తగానూ ఉండదు, నిలబడనూ నిలబడదు. అలవాటు కొద్దీ ఇప్పటికే వేస్తూ వచ్చి ఉంటే, గంజి పెట్టే ముందు ఒకటి రెండుసార్లు సాఫ్ట్‌నర్ లేకుండా ఉతకండి. పట్టు చీరల జోలికి అసలు పోవద్దు. వాటికి డ్రైక్లీనింగే మేలు.

ఇన్నిటికి వద్దన్నాక మరి దేనికి వేయాలి? ఒంటికి అంటుకుపోయే, చిటపటలాడే సింథటిక్ బట్టలకు. సాఫ్ట్‌నర్ నిజంగా తన సత్తా చూపేది ఇక్కడే. జార్జెట్, షిఫాన్, పాలిస్టర్ చీరలు, శాటిన్ లంగాలు, నైలాన్ చున్నీలు పొడి గాలిలో రాసుకుని కరెంటు పట్టుకుంటాయి. నడుస్తుంటే చీర కాళ్లకు చుట్టుకుపోతుంది, స్వెటర్ తీస్తుంటే చిటపటమంటుంది, కారు తలుపు ముట్టుకుంటే షాక్ కొడుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెలంగాణ వైపు, రాయలసీమ వైపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇది బాగా తెలుస్తుంది. కాకినాడలో, విశాఖలో సముద్రపు తేమ వల్ల అంతగా ఉండదు. రోజంతా ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకు ఎక్కడున్నా ఉంటుంది. సాఫ్ట్‌నర్ పూత రాపిడిని తగ్గిస్తుంది, గాలిలోని తేమను కాస్త పట్టి ఉంచుతుంది, దాంతో కరెంటు నిలవదు. ఆఫీసుకి షిఫాన్ చీర కట్టుకెళ్లే వాళ్లకి ఆ సుఖం ఏమిటో చెప్పనక్కర్లేదు.

అక్రిలిక్ స్వెటర్లు, పాలిస్టర్ కర్టెన్లు, నూలు తక్కువగా ఉండే దుప్పట్లు, స్కూల్ యూనిఫారాలు కూడా దీన్ని బాగా తీసుకుంటాయి. మందపాటి జీన్స్‌కి అప్పుడప్పుడు వేయొచ్చు, సాగే జీన్స్‌కి వద్దు. నూలు పక్కదుప్పట్లకు మీ ఇష్టం. వేస్తే ఇస్త్రీ త్వరగా అవుతుంది, ముడతలు తగ్గుతాయి, వేయకపోతే నష్టమేమీ లేదు. వేసే వాటికి కూడా ప్రతి ఉతుకుకీ అక్కర్లేదు, రెండు మూడు ఉతుకులకు ఒకసారి చాలు. పూత ఒక్కరోజులో పోయేది కాదు.

వేసుకునేది ఎవరో కూడా చూడాలి

పసిపిల్లలు, ఎగ్జిమా ఉన్నవాళ్లు, అత్తరు వాసనకే తుమ్ములు, ఆయాసం వచ్చేవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల బట్టలకు, వాళ్ల దిండు గలీబులకు వేయొద్దు. అందులో కలిపే సువాసన పదార్థాలు కొందరి చర్మానికి పడవు. పాప ఒంటి మీద దద్దుర్లు వచ్చి కారణం తెలియడం లేదంటే, డాక్టరుకి చూపిస్తూనే కొన్నాళ్లు సాఫ్ట్‌నర్ ఆపి చూడండి.

కొలత, వేసే పద్ధతి

సాఫ్ట్‌నర్‌ని పౌడరుతో కలిపి ఎప్పుడూ వేయకూడదు. పౌడరులో మురికిని లాగే పదార్థానికి రుణావేశం, దీనికి ధనావేశం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని బూడిదరంగు జిడ్డుముద్దల్లా మారతాయి. అప్పుడు మురికీ పోదు, మెత్తదనమూ రాదు. చివరి నీళ్లలోనే వేయాలనే నియమం ఇందుకే.

ఫుల్ ఆటోమేటిక్ మెషిన్‌లో పౌడరు సొరుగు బయటికి లాగితే గదులు కనిపిస్తాయి. పువ్వు బొమ్మ ఉన్న గది దీనిది. అందులో మ్యాక్స్ అని ఒక గీత ఉంటుంది. ఆ గీత దాటితే సొరుగులో ఉండే చిన్న గొట్టం దాన్ని ముందుగానే లాగేసుకుంటుంది, సాఫ్ట్‌నర్ కాస్తా మొదటి నీళ్లలోనే పౌడరుతో కలిసిపోతుంది. ‘ఎంత వేసినా వాసనే రావట్లేదు’ అనేవాళ్లు ముందు ఆ గీత చూడండి. చిక్కగా ఉంటే సమానంగా నీళ్లు కలిపి పోయండి, గొట్టం మూసుకుపోదు. ఉతుకు అయ్యాక ఆ గదిలో సాఫ్ట్‌నర్ ఇంకా నిలబడి ఉంటే గొట్టం పూడిపోయిందని అర్థం. సొరుగు మొత్తం బయటికి తీసి, గోరువెచ్చని నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో తోమండి. నెలకోసారి ఇలా చేయకపోతే అక్కడ నల్లటి బూజు పడుతుంది, ఆ వాసన బట్టలకు వస్తుంది.

సెమీ ఆటోమేటిక్‌లో ఈ సొరుగు ఉండదు. జాడించడం పూర్తయ్యాక మళ్లీ మంచినీళ్లు నింపి, ఒక మగ్గు నీళ్లలో సాఫ్ట్‌నర్ కలిపి, ఆ మగ్గు అందులో పోసి మూడు నుంచి ఐదు నిమిషాలు తిప్పండి. తర్వాత నేరుగా స్పిన్‌లో వేయాలి. మళ్లీ జాడిస్తే వేసిందాంట్లో కొంత కొట్టుకుపోతుంది.

బకెట్‌లో అయితే ముందు నీళ్లు, తర్వాత సాఫ్ట్‌నర్, చేత్తో కలిపాక చివర్లో బట్టలు. సీసా మీద రాసిన కొలత కన్నా ఒక్క చుక్క ఎక్కువ వద్దు, నా మాటగా చెప్పాలంటే దానిలో సగమే చాలు. బట్ట మీద నేరుగా ఒంపితే నూనె పడ్డట్టు మచ్చలవుతాయి. పొరపాటున అయితే ఆ చోట తడిపి బట్టల సబ్బుతో రుద్ది, గోరువెచ్చని నీళ్లలో ఉతకండి, పోతాయి.

వానాకాలంలో బట్టలు ముక్క వాసన వస్తుంటే చాలామంది ఇంకో మూత పోస్తారు. ఆ వాసన తడిలో పెరిగిన బ్యాక్టీరియాది. సాఫ్ట్‌నర్ దాన్ని చంపదు, రెండు రోజులు కప్పిపుచ్చుతుంది అంతే. ఆ బట్టలు వేడినీళ్లలో మళ్లీ ఉతికి, ఫ్యాను కింద ఒకదానికొకటి తగలకుండా ఆరేయండి. ఉతకడం అయిన వెంటనే మెషిన్‌లోంచి తీసేయండి, మూత తెరిచి ఉంచండి.

అమెరికాలో డ్రయర్ వాడే మనవాళ్లకు

అక్కడ దండెం లేదు, డ్రయరే దిక్కు. అదే బట్టల్ని ఎడాపెడా దొర్లించి కరెంటు పుట్టిస్తుంది, అందుకే డ్రయర్ షీట్లు, అంటే సాఫ్ట్‌నర్ పట్టించిన పల్చటి గుడ్డముక్కల్లాంటివి, వేస్తారు. పైన చెప్పిన నియమాలన్నీ షీట్లకూ వర్తిస్తాయి, టవళ్లతో వేయొద్దు. షీటు కన్నా ముందు చేయాల్సినవి రెండు: సింథటిక్ బట్టలు, నూలు బట్టలు విడివిడిగా ఆరబెట్టండి, పూర్తిగా ఎండేదాకా కాకుండా కాస్త ముందే ఆపండి. చిటపటలు ఎక్కువగా వచ్చేది అతిగా ఎండినప్పుడే. ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. అక్కడ అమ్మే చిన్నపిల్లల పైజమాల్లో కొన్ని త్వరగా అంటుకోకుండా తయారుచేస్తారు, లేబుల్ మీద ఆ మాట ఉంటుంది. వాటికి సాఫ్ట్‌నర్‌గానీ, షీటుగానీ వాడితే ఆ రక్షణ తగ్గిపోవచ్చు. బొచ్చు ఎక్కువగా ఉండే ఫ్లీస్ బట్టలు కూడా సాఫ్ట్‌నర్ పూత ఉంటే మంటను త్వరగా అందుకుంటాయి. లేబుల్ చదవకుండా పిల్లల రాత్రి బట్టలకు ఏదీ వేయకండి.

ఇప్పటికే పూత పట్టిన టవళ్లను బాగుచేయడం

టవల్‌ని బల్ల మీద పరిచి, వేలి కొసతో ఒక్క నీటి చుక్క వేసి చూడండి. చుక్క వెంటనే లోపలికి దిగిపోతే టవల్ బాగున్నట్టే. గుండ్రంగా ముత్యంలా పైనే నిలబడి, పక్కకు వంచితే దొర్లిపోతుంటే పూత పేరుకుపోయింది. పారేయక్కర్లేదు.

లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల వేడిలో, మామూలుగా వేసే పౌడరులో సగమే వేసి, టవళ్లు మాత్రమే ఉతకండి. ఎక్స్‌ట్రా రిన్స్ పెట్టండి. తర్వాతి ఉతుకులో జాడించే నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ కలపండి, పట్టేసిన సున్నం కరుగుతుంది. వెనిగర్ వేసే రోజు బ్లీచింగ్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. వెనిగర్‌ని ప్రతిసారీ వాడితే మెషిన్ రబ్బరు పాడవుతుంది, అందుకే ఇలా బాగుచేసేటప్పుడు మాత్రమే. బాగా ఆరాక మళ్లీ చుక్క వేసి చూడండి. చాలా టవళ్లు రెండు మూడు ఉతుకుల్లో దారికొస్తాయి. చుక్క ఇంకా నిలబడుతుంటే అదే వేడిలో మరోసారి వేయండి. కొత్త టవళ్లు కొన్నప్పుడు కూడా షాపు నుంచి వచ్చిన పూత పోవడానికి వాడేముందు ఒకటి రెండుసార్లు ఇలాగే, సాఫ్ట్‌నర్ లేకుండా ఉతికి పెట్టుకోండి.